బొగ్గుల కుప్పలో గుగ్గిలం

మొన్న మా పక్కింట్లో పసివాడికి నీళ్లు పోశారు. తల ఆరబెట్టడానికి మూకుట్లో నిప్పులు తెచ్చి, మీద గుగ్గిలం చల్లి పొగ పట్టారు. ఆ వాసన గోడ దాటి మా వంటింట్లోకి వచ్చేసరికి గరిటె అక్కడే వదిలేసి పరుగెత్తాను. "అందరికీ వాసన వస్తోందా?" అని అడిగాను. బాలింత, వాళ్లమ్మ, వాళ్లత్త ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "వస్తోందండీ, ఎందుకు రాదు?" అన్నారు. అలాక్కాదు, ఒక్కొక్కరూ విడివిడిగా చెప్పండి అన్నాను. నాకు కాస్త తిక్క ఉందని ఈ వీధిలో ఎప్పటినుంచో అనుమానం. ఆ రోజుతో అది ఖాయమైపోయింది.

ఆ తిక్క సూరత్‌లో పట్టుకుంది. పాండేసరలో మిల్లుల వెనక వరసగా గదులున్న చాల్‌లో, పై అంతస్తు చివరి గది మాది. పది అడుగుల గదిలో నలుగురం. మా నాన్న, బాపు, రంగుల మిల్లులో పనిచేసేవాడు. ఆయన గోళ్లలోంచి రంగు ఎప్పుడూ పోయేది కాదు. నన్ను కన్న అవ్వ ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అతికించేది. ఇక మా బాపమ్మ, అంటే బాపును కన్న తల్లి. ఆమె మోకాళ్లు ఎంత పాడో ముక్కు అంత చురుకు. పాలు విరగబోతున్నాయంటే గంట ముందే పసిగట్టేది. బాపు గుమ్మంలో అడుగు పెట్టగానే, "ఇయ్యాల నల్లరంగు ఏసిండ్రు గదరా?" అనేది. ఒక్కసారి కూడా తప్పలేదు.

అవి బడి మూతబడి, పాఠాలు ఫోన్లో వస్తున్న రోజులు. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అది బాపు జేబులో ఉండేది. కాబట్టి నా పాఠాలన్నీ బాపుతో పాటు మిల్లుకు వెళ్లేవి. ఒక సాయంత్రం వాటిలో ఒకటి ఇంటికి తిరిగొచ్చింది. మీ చుట్టుపక్కల రాళ్లు, ఖనిజాలు ఎక్కడ దొరుకుతాయో వెతకండి, ఐదు రకాలు పోగుచేసి దొరికిన చోటు రాయండి అని సైన్సు టీచరు పంపారు. నాకు అప్పుడు పదకొండేళ్లు. నెలల తరబడి గదిలో మగ్గుతున్నదాన్ని. ఆ పాఠం పట్టుకుని ఊరేగడం మొదలుపెట్టాను.

ముందు చాల్ వెనక నేల తవ్వాను. మోచేయి దాకా మట్టే, ఒక్క పలుకు రాయి లేదు. బాపును అడిగితే నవ్వాడు.

"గీ నేల తాపీ నది తెచ్చి పోసిన మట్టి బిడ్డా. ఈడ రాయి పుట్టదు. లారీలల్ల రావాలె, మన లెక్కనే."

ఆ మాటతో నాకు దారి దొరికింది. లారీ ఎక్కడ బరువు దించితే అక్కడికి వెళ్లాలి. సగంలో పనాగిపోయిన ఒక మేడ ముందు కంకర కుప్ప ఉండేది, అక్కడివాళ్లు దాన్ని కప్చీ అంటారు. ఆ నల్లరాళ్లు పగిలిన చోట సగ్గుబియ్యం పొదిగినట్టు తెల్లటి పలుకులు కనిపించేవి. కొన్నిటి బొర్రల్లో సన్నటి మెరిసే సూదులు ఉండేవి. రైలు పట్టాల మధ్య కూడా అదే రాయి ఉందని కనిపెట్టాను కానీ, అక్కడి మనిషి కర్ర పట్టుకుని వెంటపడ్డాడు. మిల్లుకు సెలవున్న ఒక రోజు బాపు నన్ను సైకిలు మీద తాపీ ఒడ్డుకు తీసుకెళ్లాడు. ఇసుకలో తేనెరంగువి, ఎర్రవి నున్నటి రాళ్లు దొరికాయి. అకీక్ అంటారని అక్కడ వల ఆరబెట్టుకుంటున్న ముసలాయన చెప్పాడు. బాపు ఒకదాన్ని నీళ్లలో కడిగి ఎండకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. ఇంటికి వచ్చాక అది తన చొక్కా జేబులోనే ఉండిపోయింది. నేనూ అడగలేదు.

అవ్వకు నా రాళ్లంటే మంట. "పొద్దంతా నేను రాళ్లే అతుకవట్టె, నువ్వు మల్ల రాళ్లే తేవట్టె" అని విసిరేసేది. అందుకని రేషను బియ్యం సంచిలో అడుగున దాచేదాన్ని. ఒక రోజు ఒక పలుకు అన్నంలోకి వచ్చి బాపమ్మ పంటి కింద పడింది. బాపమ్మ వారం రోజులు రేషను దుకాణం వాడి వంశాన్నంతా తిట్టింది. నేను తలవంచుకుని పచ్చిపులుసు పోసుకుని తిన్నాను.

ఐదో రకం దొరకలేదు. పక్క గదిలో నా ఈడు ఒడియా పిల్ల ఉండేది, మేమిద్దరం హిందీలో మాట్లాడుకునేవాళ్లం. బాపు పనిచేసే మిల్లు వెనక గోడకు కన్నముందని ఆ పిల్లే చెప్పింది. లోపల బాయిలరు కోసం లారీలు దించిన బొగ్గు కొండలా ఉంటుందట. రాతిబొగ్గు కాదు, గోధుమరంగులో పెళుసుగా ఉండే లిగ్నైటు. ఊరికి అవతల మాంగ్రోళ్ వైపు గనుల నుంచి వస్తుంది. బాపు ఆ చోటు పేరెత్తితేనే కళ్లెర్రజేసేవాడు. ఎండాకాలం ఆ కుప్ప లోలోపల తనంతట తానే రాజుకుంటుంది. పైకి బూడిదలా చల్లగా కనబడుతుంది, కాలు పెడితే కింద నిప్పు. మా కంటే ముందు చాల్‌లో ఉన్న ఒక పిల్లవాడి కాలు అలాగే మోకాలి దాకా కాలిందట. "ఆడికి పోతే నీ కాళ్లు నేనే ఇరగ్గొడ్తా" అన్నాడు బాపు.

వెళ్లాం. మధ్యాహ్నం కాపలావాడు భోజనానికి కూర్చునే వేళ చూసుకుని దూరాం. లోపల కుళ్లిన కోడిగుడ్డు వాసన. కుప్ప మీద అక్కడక్కడా సన్నగా పొగ లేస్తోంది. అంచులో పడ్డ గడ్డల్ని కర్రతో కొట్టి చూశాం. ఒకదాంట్లో బంగారంలాంటి మెరుపు దొరికింది. ఇంకోటి పగలగొడితే లోపల బఠాణీ గింజంత పసుపుపచ్చ ముద్ద, బెల్లంపాకం గడ్డకట్టినట్టు ఉంది. చేతిలో పట్టుకుంటే రాయంత బరువు లేదు, రాయంత చల్లగానూ లేదు. ఇంతలో, "ఏ ఛోక్రీ! కౌన్ హై ఉధర్?" అని కాపలావాడి కేక. పరుగులో నా చెప్పు బొగ్గులో దిగబడింది. ఒడియా పిల్ల చెయ్యి పట్టి లాగింది. చెప్పు అక్కడే ఉండిపోయింది, గోడ అవతలికి వచ్చాక చూసుకుంటే మడమ మీద పొక్కు.

ఆ బంగారంలాంటి మెరుపురాయి నెల తిరగకుండా డబ్బాలో తెల్లపొడి అయిపోయి, కింద వేసిన కాగితాన్ని కూడా తినేసింది. పసుపు ముద్దను మాత్రం బాపమ్మ చేతిలో పెట్టాను. రోడ్డు మీద దొరికిందని అబద్ధమాడాను. బాపమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది, గోటితో గీకింది, మళ్లీ వాసన చూసింది. తర్వాత కొబ్బరిచిప్ప కాల్చిన నిప్పుల మీద చిటికెడు వేసింది. తెల్లటి పొగ లేచింది.

"ఓర్నీ, గిది గుగ్గిలమే!" అంది. "మా ఊర్ల కొత్త మగ్గం పెట్టినా గిదే పొగ, బాలింత లేచినా గిదే పొగ. గీ దేశంల రోడ్ల మీద పడుంటదా గుగ్గిలం?"

ఆమె కళ్లలో నీళ్లు. పొగకో, ఊరు గుర్తొచ్చో నేను అడగలేదు. అడుగుతుందేమో, ఎక్కడ దొరికిందో చూపించమంటుందేమో అనే భయంతో ఉన్నాను. బొగ్గుగా మారిన పాతకాలపు చెట్ల బంకే అలా గడ్డకడుతుందని చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు.

బడి తెరుస్తారన్నారు, తెరవలేదు. రెండో ఎండాకాలం వచ్చింది, మొదటిదాని కంటే చాలా పాడుది. పగలంతా అంబులెన్సుల కూతలు. కింద గదిలో ఉండే, మగ్గాల మీద పడుగు దారాలు అతికే ఒకాయన సోమవారం దగ్గాడు, శుక్రవారానికి లేడు. గదులు అద్దెకిచ్చిన మకాన్ మాలిక్ మెట్ల దగ్గర నిలబడి, ఎవరికైనా జబ్బని తెలిస్తే ఆ పూటే గది ఖాళీ చేయాలన్నాడు. వట్టి బెదిరింపు కాదు, కింది గది సామాను రోడ్డు మీదికి వచ్చింది. చాల్‌లో జనం దగ్గు వస్తే నోట్లో గుడ్డ కుక్కుకునేవారు.

అప్పుడే మా ఇంట్లో ధూపం మందుగా మారింది. గుగ్గిలం పొగకు గాలిలో జబ్బు చస్తుందని బాపమ్మ గట్టిగా నమ్మింది, ఆమె చెబితే అవ్వ నమ్మింది. రోజూ సాయంత్రం బాపు రాగానే తలుపు మూసి, సందులో తువ్వాలు దూర్చి, కిటికీకి చీర అడ్డం కట్టి, నిప్పుల మూకుడు మధ్యలో పెట్టుకుని నలుగురం చుట్టూ కూర్చునేవాళ్లం. అరగంట సేపు ఎవరూ లేవకూడదు. పొగ బయటికి పోకూడదు. ఆ అరగంటకు గుగ్గిలం తెచ్చేది నేను. ఇంటిని కాపాడుతున్నది నేనేనని లోపల గర్వంగా ఉండేది. వారానికి రెండుసార్లు గోడ కన్నంలోంచి దూరేదాన్ని. ఒడియా పిల్ల వద్దని ఎంత చెప్పినా వినలేదు.

ఒక సాయంత్రం అవ్వ నల్లా దగ్గర నీళ్ల వరసలో ఉంది. బాపమ్మ స్నానాల గదికి వెళ్లింది. మూకుట్లో నిప్పులు రాజేసి కూర్చున్నాను. ముద్దలు అడుగంటాయి, ఏది వేయాలా అని చూసి చిన్నది తీసి పిడికిట్లో పట్టుకున్నాను. ఇంతలో బాపు కాళ్లు కడుక్కుని గుమ్మంలోకి వచ్చాడు. మూకుడు చూశాడు. గట్టిగా ఊపిరి పీల్చాడు.

"అబ్బ, మంచిగ వాసనస్తున్నది. ఇయ్యాల జర ఎక్కువేసినవా?"

నేను పిడికిలి విప్పాను. గుగ్గిలం అరచేతిలో ఉంది.

బాపు నా చెయ్యి చూశాడు, నా మొహం చూశాడు. గడప అవతలే కూలబడ్డాడు.

"ఎన్నొద్దులైంది?" అన్నాను. నా గొంతు నాకే పెద్దదానిలా వినబడింది.

"నిన్న పొద్దుగాల నుంచి. జెరం లేదు, దగ్గు లేదు. ముక్కొక్కటే. మిల్లు గేటుకాడ నొసటికి మిషిని పెట్టి చూస్తుండ్రు, జెరం లేదని లోపలికి తోలుతుండ్రు." గొంతు తగ్గించాడు. "మాలిక్‌కు ఎరికైతే ఇయ్యాలనే బయటేస్తడు. బాపమ్మను ఏడికి తోల్కపోవాలె బిడ్డా? ఆమె నాలుగడుగులు నడువలేదు. రెండొద్దులల్ల అదే తగ్గుతది."

బాపు నా అరచేతిలోని ముద్దను వేలితో కదిపాడు.

"గిది రోడ్డు మీద దొరికిందన్నవ్ గదా. ఏడ దొరుకుతదో నాకెరికె. బాయిలర్ ఎనుక. నీ చెప్పు గూడ నేనే చూసిన ఆడ." ఆగాడు. "గా ముచ్చట అవ్వకు నేను చెప్ప. గీ ముచ్చట నువ్వు చెప్పకు."

తలూపాను. నిజం చెప్పాలి. ఆ క్షణంలో బాపుకు జబ్బన్న భయం కంటే, నా దొంగతనం బయటపడదన్న నెమ్మదే నాకు ఎక్కువ కలిగింది. ఇప్పటికీ దానికి నన్ను నేను క్షమించుకోలేదు.

ఆ తర్వాతి రెండు రోజులు నేను గదిలో మనుషుల మధ్య దూరాలు కొలుస్తూ బతికాను. బాపు ఉక్కగా ఉందని వాకిట్లో పడుకున్నాడు. మొహానికి రుమాలు కట్టుకున్నాడు. కానీ బాపమ్మ ఊరుకుంటుందా? కొడుకు నీరసంగా ఉన్నాడని దగ్గరికి లాక్కుని, కణతలకు నూనె పెట్టింది. పులిసిన పప్పును బాపు మాట్లాడకుండా తింటుంటే, నేను ఆయన పళ్లెం వైపు చూడకుండా గోడ వైపు చూశాను. సాయంత్రం ధూపం దగ్గర ఆయన కూర్చోను అనలేడు. అంటే ఎందుకని అడుగుతారు. నేను పొగకు ఊపిరాడడం లేదని తలుపు తెరిచాను. అవ్వ నెత్తిన ఒక్కటిచ్చి మూసింది. మర్నాడు గుగ్గిలం అయిపోయిందని చెప్పి, మిగిలిన ముద్దలన్నీ గుడ్డలో చుట్టి బియ్యం సంచిలో అడుగుకు తోసేశాను. ధూపం లేకపోతే తలుపు మూయరు కదా అనుకున్నాను. ఆ పూట మూయలేదు కూడా. గెలిచాననుకున్నాను.

మూడో రోజు పొద్దున బాపమ్మకు కొద్దిగా వణుకు పుట్టింది. ముసలి ప్రాణం కదా అనుకుంది అవ్వ. సాయంత్రం బియ్యం కొలవడానికి సంచిలో చెయ్యి పెట్టింది. గుడ్డ మూట బయటికి వచ్చింది.

"ముసల్ది వణుకుతుంటే గీడ దాస్తవా? నీకు మనసెట్లొచ్చిందే?"

మూటంతా నిప్పుల మీద కుమ్మరించింది. తలుపు పడింది, తువ్వాలు దూరింది. నలుగురం కూర్చున్నాం. అంత పొగ ఆ గదిలో ఎప్పుడూ లేవలేదు. ఎదురుగోడ మీద క్యాలెండరు కనబడడం మానేసింది. నాకు గొంతులో మండుతోంది. బాపు తల వంచుకుని ఉన్నాడు. అవ్వ కళ్లు తుడుచుకుంటోంది. బాపమ్మ మూకుడు మీదికి వంగి, అటూ ఇటూ తల తిప్పింది.

"ఏందే, ఇయ్యాల గుగ్గిలం ఏస్తలేరా? ఉత్త పొగే కండ్లల్ల పడవట్టె."

అవ్వ నవ్వింది, ముసలామె పరాచికమాడుతోందని. బాపు తలెత్తి నన్ను చూశాడు. వద్దని బతిమాలుతున్నట్టు చూశాడో, చెప్పమని చూశాడో నాకు ఈనాటికీ తెలియదు. నేను లేచి తలుపు బార్లా తీసి వాకిట్లోకి వచ్చి అరిచాను.

"బాపుకు వాసనస్తలేదు! నాలుగొద్దులైంది! ఇప్పుడు బాపమ్మకు గూడ వస్తలేదు! నాకు ముందుగాలనే ఎరికె!"

చాల్ అంతా వినబడింది. వరసగా తలుపులు మూసుకున్నాయి. కింద మాలిక్ కేకలు మొదలుపెట్టాడు. తెరుచుకున్నది ఒక్కటే తలుపు. ఒడియా పిల్ల వాళ్ల నాన్న మొహానికి తువ్వాలు చుట్టుకుని వచ్చి, "చలో, టెంపో మే బిఠావ్" అన్నాడు. ఆయన కూరగాయల టెంపోలో, టమాటా పెట్టెల మధ్య బాపమ్మను పడుకోబెట్టారు. బాపు పక్కన కూర్చున్నాడు. టెంపో కదిలాక బాపు చెయ్యి ఎత్తాడు. నేను ఎత్తలేదు.

అవ్వా నేనూ గదిలో మిగిలాం. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి, ఎవరూ బయటికి రాకూడదని తలుపుకు కాగితం అంటించి వెళ్లారు. ఆ కాగితం ఉన్నన్నాళ్లు మాలిక్ కూడా మమ్మల్ని కదపలేకపోయాడు. ఒడియా పిల్ల రోజూ వాకిలి చివర గిన్నె పెట్టి, వెనక్కి వెళ్లి నిలబడి చెయ్యి ఊపేది. అవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. గంటకోసారి సబ్బుబిళ్ల నా ముక్కు దగ్గర పెట్టి, "వస్తున్నదా?" అని మాత్రం అడిగేది. తర్వాత తను చూసుకునేది. నేను ఆ రెండు రోజుల్నే లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని. ముందే చెప్పి ఉంటే బాపమ్మకు అంటేది కాదా? తెచ్చింది నేను. ఆ తలుపు మూయడానికి కారణం నా గుగ్గిలమే.

బాపు తొమ్మిదో రోజు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాడు. బాపమ్మ ఇరవై రోజులు దాటాక వచ్చింది, సగం మనిషై. ఆ వారమే గది ఖాళీ చేశాం. వెళ్లేటప్పుడు నా అకీక్ రాళ్లన్నీ ఒడియా పిల్ల దోసిట్లో పోశాను. మిగతా రాళ్లు ఖాడీలో, అంటే మిల్లుల రంగునీళ్లు పారే ఆ కాలువలో పారబోశాను. టీచరుకు ఏ కాగితమూ పంపలేదు. కొత్త ఇంట్లో బియ్యం సంచి దులిపితే కుట్టులో ఇరుక్కుని ఒక్క గుగ్గిలం ముద్ద దొరికింది. దాన్ని అగ్గిపెట్టెలో దాచాను.

బాపుకు నెల తిరిగేసరికి ముక్కు పనిచేసింది. అవ్వ ఎల్లిపాయ కారం దంచుతుంటే రోలు దగ్గరికి వచ్చి కూర్చుని ఏడ్చాడు. బాపమ్మకు మాత్రం ఎప్పటికీ రాలేదు. పాలు విరిగినా తెలిసేది కాదు, అన్నం మాడినా తెలిసేది కాదు. "బిడ్డా, జర చూడు" అని గిన్నె నా ముందుకు తోసేది. నేనే ఆమె ముక్కునయ్యాను. బాపు చొక్కా వాసన చూసి ఏ రంగు పోశారో చెప్పడం నేర్చుకున్నాను. తప్పు చెప్పినా ఆమె అవునా అని తలూపేది. బాపూ నేనూ ఆ ఒప్పందం గురించి మళ్లీ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు ఆ చాల్ లేదు. మిల్లు గొట్టం లేదు. గోడా, కన్నమూ, పొగలేచే ఆ కుప్పా ఏవీ లేవు, అక్కడ మేడలు లేచాయట. పాండేసరలో ఏ రాయి ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఇప్పటికీ కళ్లు మూసుకుని చెప్పగలను, కానీ ఆ చోట్లలో ఒక్కటీ మిగల్లేదు.

చాలా ఏళ్లకు బాపమ్మ మంచం పట్టింది. కళ్లకు పొర కమ్మింది. వెలుతురూ చీకటీ తప్ప తెలిసేవి కావు. ఒక మధ్యాహ్నం ఆమె కాళ్లు పిసుకుతూ చెప్పేశాను. బాపుకు వాసన రావడం లేదని నాకు రెండు రోజుల ముందే తెలుసని, నోరు మూసుకున్నానని, గుగ్గిలం తెచ్చింది బొగ్గుల కుప్ప నుంచని, అన్నీ. ఆమె నిద్రపోయిందేమో అనుకున్నాను.

"ఇంకేమన్న మిగిలిందా గా గుగ్గిలం?" అంది.

"ఒక్కటుంది."

"ఎయ్యి."

నిప్పులు చేసి తెచ్చి మంచం పక్కన పెట్టాను. అగ్గిపెట్టె తెరిచి ముద్ద తీశాను. వేయడానికి చెయ్యి రాలేదు. కూర్చునే ఉన్నాను. బాపమ్మ మూకుడు వేడి తగిలిన వైపు మొహం తిప్పి, కళ్లు మూసుకుని, రొమ్ము పైకి లేచేలా ఊపిరి పీల్చింది.

"ఆఁ, వచ్చింది బిడ్డా" అంది. నా తల కోసం చేత్తో తడిమి, మీద చెయ్యి వేసింది. "మంచిగ వచ్చింది. ఇంక ఏడువకు."

గుగ్గిలం ఇంకా నా పిడికిట్లోనే ఉంది.